వాక్య సంధానం – ద్వితీయ భాషా రచన: ఉత్తరాంధ్ర వాడుకభాషోద్యమ చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక భాషను రెండో భాషగా నేర్చుకునేవారు ఆ భాషలో రాయడం మొదలుపెట్టినప్పుడు పదాల కంటే, విభక్తుల కంటే ఎక్కువగా తడబడేది వాక్యాన్ని వాక్యంతో ముడివేసే చోట. చైనీయ భాషను నేర్చుకునే విదేశీయుల రచనలో సముచ్చయ పదాల వాడుక ఈ కారణంగానే భాషాబోధనా పరిశోధనలో ఒక ప్రత్యేకాంశమైంది. తెలుగు విషయంలో ఇదే ప్రశ్న వందేళ్లకు పూర్వం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో మరో రూపంలో తలెత్తింది. తెలుగు నేర్చుకోబోయిన ఒక ఆంగ్ల విద్యాధికారి సందేహం, గ్రాంథికంలో వ్యాసాలు రాయవలసి వచ్చిన విద్యార్థుల అవస్థ, తెలుగు బడికి వచ్చిన సవర పిల్లల పరిస్థితి అనే మూడు సందర్భాలను వాక్య సంధానం దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వాక్య సంధానం, సముచ్చయం, అసమాపక క్రియ, గ్రాంథికం, వ్యావహారికం, సవర, గిడుగు రామమూర్తి, ద్వితీయ భాష.

1. ఉపోద్ఘాతం

భాషాబోధన చరిత్రలో అభ్యాసకుల తప్పులను అజ్ఞానానికి గుర్తుగా కాక, ఒక క్రమమున్న భాషాస్థితికి ఆధారంగా చూడడం 1967లో పిట్ కార్డర్ రాసిన వ్యాసంతో బలపడింది. లారీ సెలింకర్ 1972లో ఆ స్థితికి ఒక పేరు పెట్టాడు. దానిని తెలుగులో ‘అంతరభాష’ అనవచ్చు. అది మాతృభాషా కాదు, నేర్చుకుంటున్న భాషా కాదు. రెండింటి నడుమ అభ్యాసకుడు కట్టుకున్న తాత్కాలిక వ్యవస్థ. 1976లో హాలిడే, రుఖయా హసన్ ఆంగ్లంలో పాఠ్యసంబద్ధతను వివరిస్తూ సంధాయకాలను సంకలనం, వైరుద్ధ్యం, కారణం, కాలం అనే నాలుగు అర్థాలుగా విభజించారు. అనంతర కాలంలో ద్వితీయ భాషా రచనలపై జరిగిన పరిశీలనలు చాలావరకు ఈ విభజనను ఆధారం చేసుకున్నాయి.

ఈ సిద్ధాంతాలేవీ పుట్టకముందే, ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో, తెలుగు వచనాన్ని ఎలా నేర్పాలి, ఎలా రాయించాలి అనే వివాదం ఉత్తరాంధ్రలో మొదలైంది. దానిని సాహిత్య చరిత్రకారులు ప్రధానంగా క్రియారూపాల, పదజాల వివాదంగా వర్ణించారు. వాక్యాలను కలిపే పద్ధతి దృష్ట్యా చూస్తే ఆ వివాదంలో భాషాబోధనకు సంబంధించిన మరో పార్శ్వం కనిపిస్తుంది.

2. తెలుగులో వాక్య సంధానం: స్వరూపం

ఆంగ్లంలో రెండు నామాలను గాని, రెండు వాక్యాలను గాని కలపడానికి ఒకే సముచ్చయ పదం సరిపోతుంది. తెలుగులో నామాల సముచ్చయానికి ఒక పద్ధతి, క్రియల సముచ్చయానికి వేరొక పద్ధతి ఉన్నాయి. నామాలను కలిపేటప్పుడు ప్రతి నామం చివరి అచ్చు దీర్ఘమవుతుంది: ‘ఆవూ దూడా వచ్చాయి’. గ్రాంథికంలో దీనికి సమానమైనది ‘ఆవును దూడయును వచ్చెను’. ఈ ‘ను’, ఈ దీర్ఘం సముచ్చయార్థాన్నే కాక ‘కూడా’ అనే అర్థాన్నీ, ‘అయినప్పటికీ’ అనే అర్థాన్నీ ఇస్తాయి. ‘వచ్చినను’, ‘వచ్చినా’ అనే రూపాలకు అప్యర్థకమని పేరు రావడానికి మూలం సంస్కృత ‘అపి’. ద్రావిడ సముచ్చయ ప్రత్యయానికీ సంస్కృత ‘అపి’కీ అర్థవిస్తృతిలో ఉన్న ఈ పోలికను ఎమెనో 1974లో భారతదేశాన్ని ఒక భాషామండలంగా పునఃపరిశీలించిన వ్యాసంలో చర్చించాడు.

క్రియల సముచ్చయానికి తెలుగు ప్రత్యేక పదాన్ని ఆశ్రయించదు. చివరి క్రియ ఒక్కటే సమాపకంగా ఉండి, ముందున్నవన్నీ అసమాపకాలవుతాయి. ‘వాడు వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, పడుకున్నాడు’ అన్న వాక్యంలో నాలుగు పనులున్నాయి, సముచ్చయ పదం ఒక్కటీ లేదు. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం, తుమర్థకం, వ్యతిరేక క్త్వార్థకం అని సంప్రదాయ వ్యాకరణం పేర్లు పెట్టినవన్నీ నిజానికి వాక్య సంధాన సాధనాలే. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) గ్రంథంలోనూ, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985)లోనూ ఈ నిర్మాణాలు సవివరంగా కనిపిస్తాయి. కాలిన్ మాసికా 1976లో దక్షిణాసియా భాషలకు ఉమ్మడిగా ఉన్న లక్షణాలలో క్త్వార్థక నిర్మాణాన్ని ఒకటిగా గుర్తించాడు.

ఈ వ్యవస్థలో పరభాషీయుడికి కనిపించని నియమాలున్నాయి. క్త్వార్థకానికి సాధారణంగా రెండు క్రియలకూ కర్త ఒక్కడే కావాలి. ‘వాడు వచ్చి నేను వెళ్లాను’ అని తెలుగువారు అనరు, ‘వాడు వచ్చాక నేను వెళ్లాను’ అంటారు. అయితే ‘వర్షాలు కురిసి పంటలు పండాయి’ అనడానికి అభ్యంతరం లేదు. మొదటి పని రెండోదానికి కారణమైనప్పుడు కర్తృభేదాన్ని భాష సహిస్తుంది. మాతృభాషీయుడికి ఈ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పరభాషీయుడు దానిని వాక్యాలలో విని, వాడి, పట్టుకోవలసిందే.

3. ‘మరియు’ ప్రస్థానం

ప్రాచీన కావ్యాలలో ‘మఱియు’, ‘వెండియు’, ‘అంత’ వంటివి ఒక ఘట్టం ముగిసి మరో ఘట్టం మొదలైనప్పుడు, పద్యానికీ పద్యానికీ నడుమ వచ్చే సంధాయకాలు. వాటి అర్థం ‘అంతేకాక’, ‘ఇంకా’, ‘ఆ పిమ్మట’. రెండు నామాల మధ్య నిలబడి ఆంగ్ల సముచ్చయ పదం చేసే పనిని చేయడం ‘మరియు’కు తరువాత వచ్చిన ఉద్యోగం. అనువాద వచనం దానికి ఆ ఉద్యోగమిచ్చింది.

ఈ అనువాద చరిత్రలో ఉత్తరాంధ్రకు తొలి స్థానముంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను అనువదించే పని చేపట్టారు. వారి అనువాదంలో కొంత భాగం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. బైబిలు మూలభాషలైన హీబ్రూ, గ్రీకులలో కథనం వాక్యారంభంలో సముచ్చయ పదంతో సాగుతుంది. మూలాన్ని మాట తప్పకుండా అనుసరించాలన్న నిష్ఠ వల్ల తెలుగు బైబిలు వచనంలో ‘మరియు’ వాక్యారంభంలో పదేపదే వినిపిస్తుంది. దీనిని కేవలం అనువాదకుల లోపమనడం సరికాదు. ఆ వచనం ఒక మతసమాజానికి పూజాభాషగా స్థిరపడి తనదైన లయను సంతరించుకుంది. అయినా ద్వితీయ భాషాభ్యాసకుల రచన ఒక భాష వచనశైలిపై శాశ్వత ముద్ర వేయగలదనడానికి ఇది ప్రబల నిదర్శనం. నేటి ప్రభుత్వ ప్రకటనలలో, పాఠ్యపుస్తకాలలో నామాల మధ్య విరివిగా కనిపించే ‘మరియు’ కూడా ఇలాంటి అనువాద వాసనకే చెందుతుంది.

కంపెనీ పాలనలో ఉద్యోగులు దేశభాషా పరీక్షలు నెగ్గవలసి వచ్చింది. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. కాంప్‌బెల్ వ్యాకరణం 1816లో, బ్రౌన్ వ్యాకరణం 1840లో, ఆర్డెన్ వ్యాకరణం 1873లో వెలువడ్డాయి. ఇవన్నీ పరభాషీయుల కోసం రాసినవే. పుస్తకంలోని తెలుగూ నోటిలోని తెలుగూ ఒకటి కాదన్న స్పృహ వీటిలో క్రమంగా పెరిగింది. ఆర్డెన్ నిత్యవ్యవహారంలోని రూపాలకు తగిన చోటిచ్చాడు. తెలుగు పిల్లల కోసం రాసిన బడిపుస్తకాలలో మాత్రం ఆ స్పృహ కనిపించదు. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853), ‘బాలవ్యాకరణం’ (1858) పాఠశాలా వచనానికి ఆదర్శాలుగా నిలిచాయి.

4. యేట్స్ సందేహం

జె. ఏ. యేట్స్ ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షణాధికారిగా వచ్చినప్పుడు తెలుగును ప్రత్యక్ష పద్ధతిలో, అంటే మాట్లాడే భాష ద్వారా నేర్చుకోవాలనుకున్నాడు. వినే తెలుగుకూ పుస్తకాలలోని తెలుగుకూ పొంతన కుదరలేదు. అధ్యాపకులు తరగతిలో పాఠాన్ని ఒక భాషలో చదివి, మరో భాషలో వివరించడం ఆయనకు వింతగా తోచింది. ఆయన ప్రశ్న విజయనగరంలో గురజాడ అప్పారావుకూ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తికీ, విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారికీ ఉమ్మడి కార్యరంగాన్ని కల్పించింది. తెలుగు బోధనా సంస్కరణ సంఘం, 1909లో శ్రీనివాస అయ్యంగారు దేశభాషల పక్షాన ప్రచురించిన ఆంగ్ల గ్రంథం, 1913లో గిడుగు ప్రకటించిన ఆధునికాంధ్ర భాషా విజ్ఞాపన పత్రం ఈ క్రమంలోనివే.

యేట్స్ స్థానంలో ఏ పరభాషీయుడున్నా వాక్య సంధానం దగ్గర ఎదుర్కొనే చిక్కును కింది రూపాలు సూచిస్తాయి. అతడు వీధిలో ‘వస్తే’ అని వింటాడు, పుస్తకంలో ‘వచ్చినచో’, ‘వచ్చినయెడల’, ‘వచ్చెనేని’ అని చదువుతాడు. ‘వస్తూ’ అని విని ‘వచ్చుచు’ అని చదువుతాడు. శ్రీకాకుళం పల్లెల్లో ‘తినీసి’, ‘చెప్పీసి’ అని వింటాడు, వ్యాకరణంలో ‘తిని’, ‘చెప్పి’ మాత్రమే కనిపిస్తాయి. నామపదాలు రెండు భాషలలోనూ చాలావరకు ఒకటే. వాక్యాలను ముడివేసే రూపాలు మాత్రం మారిపోతాయి. కథ వింటే అర్థమై, అదే కథ చదివితే సంబంధాలు తెగిపోయే పరిస్థితికి ఇదొక ముఖ్య కారణం.

మరొక చిక్కు కూడా ఉంది. గ్రాంథిక చేదర్థకంలో ‘వచ్చినన్’ అనే రూపం ద్రుతం లోపించినప్పుడు ‘వచ్చిన’గా మిగులుతుంది. ధాతుజ విశేషణం కూడా ‘వచ్చిన’. ‘వర్షము కురిసిన పొలములు పండును’ అన్న వాక్యం ‘వర్షం కురిస్తే పొలాలు పండుతాయి’ అనే అర్థాన్నీ, ‘వర్షం కురిసిన పొలాలు పండుతాయి’ అనే అర్థాన్నీ ఇవ్వగలదు. వ్యావహారికంలో ‘కురిస్తే’, ‘కురిసిన’ వేరువేరు రూపాలు కనుక ఈ సందిగ్ధత ఉండదు. ఇక్కడ వాడుక భాష గ్రాంథికం కంటే స్పష్టంగా ఉంది. జీవద్భాషకు వ్యాకరణం లేదన్న ఆక్షేపణకు ఇటువంటి ఉదాహరణలే తగిన సమాధానం.

5. గ్రాంథికం: మాతృభాషీయులకే రెండో భాష

యేట్స్ ఇబ్బంది పరదేశీయుడిది. తెలుగు విద్యార్థి ఇబ్బంది అంతకంటే విచిత్రమైనది. పాఠశాలాంత పరీక్షలోనూ, మద్రాసు విశ్వవిద్యాలయపు ఇంటర్మీడియట్‌లోనూ తెలుగు వ్యాసరచనకు స్థానం దొరకడంతో, అంతవరకు పద్యాలకు అర్థాలు చెప్పి గట్టెక్కిన విద్యార్థి సొంతంగా వచనం రాయవలసి వచ్చింది. ఏ తెలుగులో రాయాలన్నదే వివాదం. పాఠశాలాంత పరీక్షల బోర్డు 1912–13 ప్రాంతంలో వ్యావహారిక రచనకు అవకాశమిచ్చింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనిని తీవ్రంగా ప్రతిఘటించింది. ఆ వెసులుబాటు నిలవలేదు. విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో మెజారిటీ నిర్ణయంతో విభేదిస్తూ గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. మరుసటి సంవత్సరమే ఆయన మరణించాడు.

ఆనాటి విద్యార్థుల జవాబు పత్రాలు లేకపోయినా, గ్రాంథిక నిబంధనలు వాక్య సంధానంపై మోపే భారాన్ని నిబంధనల నుంచే అంచనా వేయవచ్చు. ఇత్తునకు సంధి వైకల్పికమన్న సూత్రాన్ని, క్త్వార్థక ఇకారానికి సంధి లేదన్న సూత్రాన్ని విద్యార్థి ఏకకాలంలో గుర్తుంచుకోవాలి. ద్రుతప్రకృతికాల తరువాత సరళాదేశం పాటించాలి. అంటే ఒక క్రియను మరో క్రియతో కలిపిన ప్రతిచోటా ఒక సంధి నిర్ణయం తప్పదు. ఇలాంటి స్థితిలో అభ్యాసకుడు అనుసరించగల మార్గాలు రెండు. పొట్టి సమాపక వాక్యాలుగా తెంచి, వాటి నడుమ ‘మఱియు’, ‘కావున’, ‘అంతట’ వంటి సిద్ధపదాలను దించడం ఒకటి. కంఠస్థం చేసిన వాక్యఖండాలను యథాతథంగా అతికించడం రెండోది. కొద్దిపాటి సంధాయకాలను అతిగా వాడడం, క్లిష్టరూపాలను తప్పించుకోవడం అనే ఈ రెండు ధోరణులనే ద్వితీయ భాషా పరిశోధన నేడు అతివాడుక, పరిహరణ అని వ్యవహరిస్తోంది.

గిడుగు వాదన ఇక్కడే పదునెక్కింది. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో ఆయన విద్యార్థుల తప్పులను కాక, గ్రాంథికాన్ని శాసించే పండితుల రచనలలోని వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను వెలికితీశాడు. ‘గద్యచింతామణి’లో పూర్వులు వచనంలో వాడుక రూపాలను నిస్సంకోచంగా వాడారని చూపాడు. జీవితాంతం గ్రాంథికాన్ని అభ్యసించినవారు కూడా అందులో తప్పు లేకుండా రాయలేకపోతే, అది ఎవరికీ మాతృభాష కాదని తేలుతుంది. నేటి పరిభాషలో చెప్పాలంటే గ్రాంథికం అందరికీ రెండో భాషే. పండితుల గ్రాంథికం కూడా ఒక అంతరభాషే. తప్పు రాసినవాడిలో ఉందా, రాయించిన నియమంలో ఉందా అన్న ప్రశ్నను ఆయన పరీక్షాధికారుల ముందుంచాడు. దాని వెనుక వేల మంది విద్యార్థుల ఉత్తీర్ణత, ఉద్యోగం, భవిష్యత్తు ఉన్నాయి.

6. సవరల మధ్య గిడుగు: అభ్యాసకుడైన ఆచార్యుడు

గిడుగుకు ఈ దృష్టి పుస్తకాల వల్ల మాత్రమే రాలేదు. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించి, విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఆయన, ఆ చుట్టుపక్కల కొండలలోని సవరల భాషను స్వయంగా నేర్చుకున్నాడు. రెండు భాషలూ తెలిసినవారిని ఇంట ఉంచుకుని, మాట విని, రాసి, సరిచూసుకుని సాగిన అభ్యాసమది. సవర ముండా శాఖకు చెందిన ఆస్ట్రోఏషియాటిక్ భాష. తెలుగుతో జన్యసంబంధం లేదు. కర్మను క్రియలో ఇముడ్చుకోగల ఆ భాషా నిర్మాణం తెలుగు వ్యాకరణపు మూసలో ఇమడదు. సవర పాఠ్యపుస్తకాలతో మొదలైన ఆయన కృషి 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన సవర భాషా వ్యాకరణంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా ఫలించింది. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు ఆయన దానిని కోరక, సవరలకు బడి పెట్టమని అడిగినట్లు జీవితచరిత్రకారులు చెబుతారు.

సవర నేర్చుకోవడం వల్ల గిడుగు రెండో భాషను నేర్చుకునేవాడి స్థానంలో నిలిచాడు. లిఖిత సంప్రదాయం లేని భాషకు గ్రాంథికం లేదు. నోటి మాటే ప్రమాణం. అలాంటి భాషకు కూడా నిర్దుష్టమైన వ్యాకరణం ఉందని నిరూపించినవాడికి, తెలుగువారి నోటి మాటకు వ్యాకరణం లేదన్న వాదం హాస్యాస్పదంగా తోచడం సహజం. సవర కృషి, వాడుకభాషోద్యమం వేరువేరు అధ్యాయాలు కావు. మొదటిది రెండోదానికి ప్రయోగశాల.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. అదే సంవత్సరం మంగేయి గొమాంగో సవరకు ‘సొరాంగ్ సొంపెంగ్’ లిపిని రూపొందించాడు. సవరలు రెండు రాష్ట్రాల బడులలోకి విడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవరతో సహా 8 భాషలలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలను తెచ్చింది. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ప్రాంతం ఈ కృషికి ఒక కేంద్రం.

సవర పిల్లవాడు మాతృభాష నుంచి తెలుగుకు మారే దశలో పదాలను త్వరగా పట్టుకోగలడు. సంతలోనూ, తోటివారితోనూ అవి వినబడతాయి. వాక్యాలను కలిపే రూపాలకు మాత్రం పుష్కలంగా కథలు వినడం, చెప్పడం అవసరం. పాఠ్యపుస్తకం ‘మరియు’, ‘కావున’, ‘తద్వారా’ వంటి పదాలతోనే వాక్యాలను కలిపితే ఆ పిల్లవాడు వాటినే తెలుగు సంధాన పద్ధతిగా నేర్చుకుంటాడు. అప్పుడు అతని రచనలోని కృత్రిమత్వానికి కారణం అతని మాతృభాష కాదు, అతనికి అందిన తెలుగు.

7. చైనీయ భాషతో పోలిక

ఈ అనుభవం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. చైనీయ భాషలో వాక్యాలు చాలాసార్లు సంధాయకం లేకుండానే పక్కపక్కన నిలిచి సంబంధాన్ని సూచిస్తాయి. నామాలను కలిపే ‘హ’ అనే పదం సాధారణంగా వాక్యాలను కలపదు. ఆంగ్లం మాతృభాషగా ఉన్న అభ్యాసకులు దానిని వాక్యాల నడుమ దించడం బోధకులందరికీ తెలిసిన పొరపాటు. అలాగే ‘యిన్‌వెయ్ – స్వోయి’ (ఎందుకంటే – కాబట్టి), ‘స్వెయ్‌రాన్ – దాన్‌ష’ (అయినప్పటికీ – కాని) వంటి జంట సంధాయకాలలో రెండూ కలిసి రావడం చైనీయంలో సహజం. ఆంగ్ల అభ్యాసకుడు ఒకదానిని వదిలేస్తాడు. ఆంగ్లం రాసే చైనీయుడు రెండింటినీ వాడతాడు.

చారిత్రకంగా కూడా సామ్యముంది. 1917లో హు షి ‘నవయువత’ పత్రికలో ప్రాచీన లిఖితభాష స్థానంలో వాడుక భాషలో రాయాలని పిలుపునిచ్చాడు. గురజాడ అసమ్మతి పత్రానికీ దానికీ మధ్య దూరం మూడేళ్లే. అయితే చైనాలో వాడుక భాష గెలిచాక మరో పరిణామం సంభవించింది. ఐరోపా భాషల అనువాదాల ప్రభావంతో ఆధునిక చైనీయ వచనంలో సంధాయకాల వాడుక పెరిగిందని వ్యాకరణవేత్త వాంగ్ లి 1940లలో గుర్తించాడు. తెలుగులో ‘మరియు’ ప్రస్థానం దీనికి సమాంతరమే. గ్రాంథికం తొలగినంత మాత్రాన వచనం నోటి మాటకు చేరువ కాదు. అనువాదభాష దాని స్థానంలో కొత్త గ్రాంథికంగా కూర్చోగలదు.

8. ముగింపు – పరిశీలనాంశాలు

1. తెలుగులో వాక్య సంధానం ప్రధానంగా అసమాపక క్రియల మీద, అంత్యాచ్చు దీర్ఘం మీద ఆధారపడుతుంది. విడి సముచ్చయ పదాల పాత్ర పరిమితం.

2. నామాల మధ్య ‘మరియు’ వాడుక అనువాద వచనం ద్వారా బలపడింది. అందులో ద్వితీయ భాషాభ్యాసకుల రచనకు గణనీయమైన పాత్ర ఉంది.

3. గ్రాంథిక, వ్యావహారికాల భేదం తీవ్రంగా కనిపించే స్థానాలలో వాక్య సంధానం ఒకటి. యేట్స్ వంటి పరభాషీయుడి సందేహం తెలుగు విద్యార్థి సమస్యను వెలుగులోకి తెచ్చింది.

4. గిడుగు సవర భాషాభ్యాసం, ఆయన తెలుగు భాషావాదం పరస్పర పోషకాలు. పండితుల తప్పులను ఆయన పరిశీలించిన తీరులో అంతరభాషా సిద్ధాంతానికి పూర్వచ్ఛాయ ఉంది.

5. సవర తదితర గిరిజన విద్యార్థుల తెలుగు రచనను మదింపు చేసేటప్పుడు, వారికి అందిన పాఠ్యపుస్తక వచనాన్ని ముందుగా పరీక్షించాలి. సంధాన రూపాలను సూత్రాలుగా కాక కథాకథనం ద్వారా అందించే వాచకాలు అవసరం.

గిడుగు 1940 జనవరి 22న మరణించాడు. ఆయన జన్మదినం నేడు తెలుగు భాషా దినోత్సవం. ఆనాడు ప్రధానంగా ‘వచ్చెను’, ‘వచ్చాడు’ల చుట్టూ తిరిగిన వివాదం తీరింది. ‘వచ్చి’, ‘వస్తూ’, ‘వస్తే’, ‘వచ్చినా’ల స్థానాన్ని ‘మరియు’ ఆక్రమిస్తున్న తీరుపై, తెలుగును రెండో భాషగా నేర్చుకునే పిల్లల రచనలు సేకరించి క్షేత్రస్థాయిలో పరిశోధన జరగవలసి ఉంది. అందుకు సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల పాఠశాలలు తగిన క్షేత్రాలు.